మా అన్నయ్య మాఫీ చేసిన చేయి

ఆ రోజు సాయంత్రం నమాజు అయ్యేసరికి నా కుడిచేయి ఖరీదు నలభై వేల దీనార్లు. పావుగంట గడిచాక చిల్లిగవ్వ కూడా లేదు. ఈ మధ్యలో నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

నేను వంటమనిషిని. పేరు ఖితామ్. కరక్‌లో ఇరవై రెండేళ్లు పెళ్లిళ్లకు మన్సఫ్ వండాను, అన్నం మీద పెరుగుపులుసులో ఉడికిన గొర్రెమాంసం. గొర్రెమాంసం ఎవడైనా ఉడకబెడతాడు, జమీద్ అనే ఎండబెట్టిన పెరుగు విరక్కుండా పులుసు కాచడంలోనే ఉంటుంది పనితనం. నా పులుసు తిన్నవాళ్లు పెళ్లికూతురి పేరు మర్చిపోయారు గానీ నా పేరు మర్చిపోలేదు. గొప్ప చెప్పుకోవడం లేదు అనను, గొప్పే చెప్పుకుంటున్నాను. ఇప్పుడు చెప్పుకోవడానికి అదొక్కటే మిగిలింది.

అబూ సుల్తాన్ పెళ్లిహాలు వెనక వంటగదిలో పెద్ద పొయ్యికి వెళ్లే గ్యాస్ పైపు ముసలిదాని మడమలా పగిలిపోయింది. ఆయన దానికి ఇనుపతీగ చుట్టించాడు. మార్చమని మూడుసార్లు చెప్పాను. మూడోసారి నవ్వాడు. "ఈ వేసవి పెళ్లిళ్లు అయిపోనీ ఖితామ్, కొత్తది వేయిస్తా. ఇన్నేళ్లు పొయ్యి దగ్గర నిలబడి నువ్వింత పిరికిదానివని అనుకోలేదు" అన్నాడు.

ఆగస్టులో ఒక గురువారం, మూడువందల మందికి వంట జరుగుతుండగా ఆ పైపు ఊడివచ్చింది. తర్వాతది నాకు పెద్దగా గుర్తులేదు. గుర్తున్నది కూడా చెప్పను. నలభై ఏడు రోజులు అమ్మాన్ ఆసుపత్రిలో ఉన్నాను. తొడ మీది చర్మం తీసి చేతికి, మెడకు అతికించారు. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి వేళ్లు ఐదూ అరచేతిలోకి ముడుచుకుపోయాయి. రెండు ఆపరేషన్లు చేస్తే కొన్నయినా తెరుచుకోవచ్చని డాక్టరు చెప్పాడు. "ఏడాది లోపలే చేయించాలి. కీళ్లు బిగిసిపోయాక ఎవరూ ఏమీ చేయలేరు" అన్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని జనం సామెతగా అంటారు. నాకు ఆకు పట్టుకునే వీలు కూడా లేదు.

అబూ సుల్తాన్ మా ఇంటికి సగం గొర్రెను, ఒక పెట్టె కమలాపళ్లను పంపాడు. పోలీసులకేమో నేను గ్యాస్ తిప్పి కబుర్లలో పడ్డానని చెప్పాడు.

వితంతువుని, పిల్లల్లేరు, అన్నయ్య దైఫల్లా ఇంట్లో ఉంటాను. వదిన హుస్నాయే నన్ను ఆడవాళ్లకు ఉచితంగా కేసులు చూసే ఆఫీసుకు తీసుకెళ్లింది. అక్కడి లాయరు సుహైర్‌కు ముప్ఫై ఏళ్లు కూడా ఉండవు. పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ మాట్లాడుతుంది. ఈ పిల్లా నా కేసు చూసేది అనుకున్నాను.

"పిన్నీ, నష్టపరిహారం మీకు రావాల్సిందే. కానీ పైపు పాడైందని వాడికి ముందే తెలుసని రుజువు కావాలి. చెప్పినప్పుడు పక్కన ఎవరున్నారు?" అని అడిగింది.

"వంటగదిలో నలుగురు ఆడవాళ్లున్నారు. వాళ్లు ఇప్పటికీ ఆయన దగ్గరే పనిచేస్తున్నారు."

"అయితే నోరు విప్పరు." గింజ తొక్క పక్కన పెట్టింది. "ఇంకోటి గుర్తుపెట్టుకోండి. హక్కు మీది. వదులుకున్నానని మీరు చెబితే తప్ప కోర్టు ఒప్పుకోదు. మీ మగవాళ్లు వచ్చినవాళ్లకు కాఫీ తాగించినంత మాత్రాన మీ చేయి మాఫీ అయిపోదు."

ఆ పిల్ల ఊరికే అనలేదు. మా దగ్గర తప్పు చేసినవాడు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని బాధితుడి ఇంటికి వస్తాడు. వాళ్ల పెద్ద ముందు ఫింజాను, అంటే చిన్న కప్పుతో కాఫీ, పెడతారు. అడిగింది ఇచ్చేదాకా ఆయన దాన్ని ముట్టడు. ఇంటాయన ముందు కొండంత మొత్తం చెప్పి, ఆ తర్వాత దేవుడి పేరున కొంత, ప్రవక్త పేరున కొంత, వచ్చినవాళ్ల గౌరవం కోసం కొంత తగ్గించుకుంటూ వస్తాడు. చివరికి "మీ కాఫీ తాగండి" అంటే ఆ మాటతో గొడవ ముగిసినట్టే.

నవంబరులో ఊరి పెద్ద షేక్ నహార్ నుంచి కబురు వచ్చింది, అబూ సుల్తాన్‌ను తీసుకుని వస్తున్నామని. షేక్ నహార్‌ను కాదనే మగాడు కరక్‌లో పుట్టలేదు. మా అన్నయ్య రిటైరైన హవల్దారు. ముందురోజు ఫ్రిజ్ ఎదురుగా నిటారుగా నిలబడి లెక్క అప్పజెప్పుకున్నాడు. నలభై వేలతో మొదలుపెట్టాలి, పద్దెనిమిది వేల దగ్గర ఆగాలి. ఆపరేషన్లకు, పనిలేని రోజులకు కలిపి సుహైర్ కట్టిన లెక్క అది.

"పద్దెనిమిది దగ్గర ఆగు అన్నా" అన్నాను.

"ఆగుతానే తల్లీ! పద్దెనిమిదేళ్లు ఫౌజులో చేశాను, పద్దెనిమిది అంటే తెలీదా నాకు?"

నలభై మంది వచ్చారు. మా ముందుగది చాలక వాకిట్లో కూడా కుర్చీలు వేశారు. నేనూ వదినా వంటింటి తలుపు చాటున నిలబడ్డాం. షేక్ నహార్ ఫింజానును ముందున్న పీట మీద పెట్టి, ఎందుకొచ్చారో చెప్పాడు. అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"నా చెల్లెలి హక్కు నలభై వేల దీనార్లు. దేవుడి పేరున ఎనిమిది వేలు వదిలాను. ప్రవక్త పేరున ఏడు. షేక్ నహార్ గారు మా గడప తొక్కినందుకు మరో ఏడు."

నేను గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను. సరిగ్గా పద్దెనిమిది. వదిన నా భుజం తట్టింది.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక వణుకు గొంతు వినిపించింది. హమ్మాద్ తాత. మా నాన్నకు ప్రాణస్నేహితుడు. తొంభై దాటాయి, కళ్లు కనబడవు. ఇంటి నుంచి కదలని మనిషిని అబూ సుల్తాన్ కారులో ఎక్కించుకొచ్చాడు. ఆ తెలివికి మాత్రం లోటు లేదు.

"దైఫల్లా, నాయనా, మీ నాన్నా నేనూ ఒకే రొట్టె తుంచుకు తిన్నాం. నన్ను వట్టి చేతులతో పంపిస్తావట్రా?"

అన్నయ్య ముఖం ఎర్రబడింది. "మా నాన్న స్నేహితుడి తెల్లగడ్డం కోసం పది వేలు!"

"శభాష్!" అన్నారు జనం. "దాత కొడుకు దాతే అవుతాడు!"

ఆ శభాష్‌లే కొంపముంచాయి. మా అన్నయ్యను జీవితంలో నలభై మంది ఒకేసారి మెచ్చుకున్నది లేదు. కళ్లు మెరుస్తున్నాయి, ఛాతీ పొంగిపోయింది. లెక్కా గుర్తులేదు, నేనూ గుర్తులేను.

"ఆ మిగిలిన ఎనిమిదీ ఎందుకు? ఇవాళ నా ఇంట్లో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరి కోసం అదీ వదిలేశాను!"

అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నా ఐదు వేళ్లూ అలా పంచేశాడు. చప్పట్లు మోగాయి. అబూ సుల్తాన్ రుమాలుతో కళ్లొత్తుకుంటున్నాడు. నా కాళ్లు వాటంతటవే కదిలాయి. వదిన నా అంగీ పట్టుకుని ఆపింది.

"ఖితామ్, మగాళ్ల మధ్యకా? మీ అన్న పరువు తీస్తావా?"

"ఆయన పరువు నలభై మందికీ కనబడుతోంది వదినా. నా చేయి ఒక్కడికీ కనబడలేదు."

అన్నయ్య "షేక్ గారూ, ఇక మీ కా..." అంటుండగా గదిలోకి వెళ్లాను. భయం వేయలేదని అబద్ధమాడను. చేతి తొడుగును పళ్లతో లాగి తీసేశాను. ముందు వరుసలో ఇద్దరు తల తిప్పుకున్నారు.

"అన్నా, దేవుడి పేరు చెప్పి నువ్వు వదిలింది దేవుడికి చేరదు. అబూ సుల్తాన్ జేబులోకి పోతుంది" అన్నాను.

"లోపలికి పో" అన్నాడు అన్నయ్య.

"ఎవరది? ఆడగొంతు" అన్నాడు హమ్మాద్ తాత.

"నేను తాతా, ఖితామ్‌ని. మీ మనవడి పెళ్లికి వండింది నేనే." దగ్గరికెళ్లి కూర్చుని, నా చేతిని ఆయన చేతుల్లో పెట్టాను.

ముసలాయన నా పిడికిలి తడిమాడు. చిన్నపిల్ల చేతిలో మిఠాయి ఉందేమో చూసినట్టు ఒక వేలును మెల్లగా లేపబోయాడు. "ఇందులో ఏం దాచావమ్మా? తెరువు."

"తెరుచుకోదు తాతా."

ఇంకో వేలు చూశాడు. ఆ తర్వాత బొటనవేలు. "కాస్త కాలిందని చెప్పి తీసుకొచ్చారురా నన్ను. కాస్త కాలిందన్నారు!"

నాకు అంతవరకూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఆసుపత్రిలో కట్లు విప్పినప్పుడు కూడా అంతలా ఏడవలేదు.

షేక్ నహార్ అబూ సుల్తాన్ వైపు తిరిగాడు. "పైపు పాడైందని ఈమె నీకు చెప్పిందా?"

అబూ సుల్తాన్‌కు చిర్రెత్తుకొచ్చింది. గెలిచిన పందెం చేజారుతోంది మరి. "వంటింట్లో ఆడవాళ్లు రోజుకు వంద చెబుతారు షేక్ గారూ! మూడుసార్లు అరిచిందని పెళ్లిళ్లు ఆపుకుని పైపులు మార్చుకుంటూ కూర్చోనా?"

తన నోటితో తానేం అన్నాడో అబూ సుల్తాన్‌కు మెల్లగా అర్థమైంది.

షేక్ నహార్ లేచి నిలబడ్డాడు. ఫింజాను నిండుగా అలాగే ఉంది. "హక్కు ఉన్న మనిషిని వదిలేసి పక్కమనిషిని అడిగాం. తప్పు మాది. ఈ కాఫీ తాగే అర్హత మనకు లేదు" అన్నాడు. నలభై మందీ ఆయన వెనకే వెళ్లిపోయారు. హమ్మాద్ తాత మాత్రం నా చేయి వదలడానికి కాస్త ఆలస్యం చేశాడు.

సుహైర్ ఎగిరి గంతేసినంత పని చేసింది. "నలభై మంది సాక్షులు పిన్నీ!" పిచ్చిపిల్ల, అమ్మాన్‌లో చదువుకుంది కదా. సంధి మాటలకు కూర్చున్నచోట అన్న మాటను కోర్టుకు మోసినవాణ్ని మళ్లీ ఎవరూ ఏ గడపా ఎక్కనివ్వరు. షేక్ నహార్ స్వయంగా చెప్పాడు: "ఆ మాట నేను మోస్తే రేపు ఏ ఇద్దరు శత్రువులూ నన్ను నమ్మి నా ఎదుట కూర్చోరు తల్లీ." హమ్మాద్ తాత వస్తానన్నాడు గానీ ఆ చలికాలంలోనే మంచం పట్టాడు.

"మీ అన్నయ్యను అడుగుదామా?" అంది సుహైర్.

"అడగను" అన్నాను.

ఎలా అడుగుతాను? ఆ రోజు నుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు. ఊరంతా ఆయన్ని చూసి నవ్వుతోంది. కూరగాయల అంగట్లో ఎవడైనా ధర తగ్గించమంటే "నేనేమైనా దైఫల్లానా?" అంటున్నారట. ఆయనకు అన్నం నేను వడ్డిస్తే ముట్టడు, వదిన వడ్డిస్తేనే తింటాడు. నాకూ కోపమే. ఎదురుపడితే నేనూ పక్కకు తిరిగిపోయేదాన్ని.

ఫిబ్రవరిలో విచారణ జరిగింది. సాక్షి ఎవరూ లేరనుకుంటూ కూర్చున్నాను. గుమస్తా "దైఫల్లా" అని పిలిచాడు. అన్నయ్య పాత ఫౌజు కోటు ఇస్త్రీ చేయించుకుని, మెడలు నిక్కించి నడిచొచ్చాడు. ముందురోజే సుహైర్ ఆఫీసుకు తనంతట తాను వెళ్లాడట. అబూ సుల్తాన్ ఆ రోజు అన్న మాటను అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు.

అబూ సుల్తాన్ లాయరు లేచాడు. "ఆ రోజు మీరు మొత్తం మాఫీ చేశారా, లేదా?"

"చేశానండీ. నాది కానిదాన్ని మాఫీ చేశాను. జడ్జిగారూ, అదికూడా రాసుకోండి" అన్నాడు అన్నయ్య. నా వైపు చూడలేదు.

అప్పటి నుంచి ఎవరూ ఆయన్ని ఏ పెద్దమనుషుల మధ్యకూ పిలవలేదు. మా నాన్న కూర్చున్న చోట ఇక మా ఇంటివాళ్లు కూర్చోరు. ఆ సంగతి తెలిసే కోర్టుకు వచ్చాడు.

మే నెలలో తీర్పు వచ్చింది, పంతొమ్మిది వేల మూడువందలు. అప్పీలుకు వెళ్తానని అబూ సుల్తాన్ ఎగిరాడు గానీ, పెళ్లిళ్ల కాలంలో హాలు పేరు నలుగురి నోళ్లలో నానడం ఇష్టంలేక కట్టేశాడు. జులైకల్లా రెండు ఆపరేషన్లూ అయ్యాయి. బొటనవేలు, దాని పక్క రెండు వేళ్లు తెరుచుకున్నాయి. చివరి రెండూ తెరుచుకోలేదు, ఇక తెరుచుకోవు. పెద్ద గంటె పట్టుకుని పులుసు కలపడం ఈ జన్మకు లేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు పొద్దున్నే అన్నయ్య కాఫీపాత్ర పట్టుకుని నా గదిలోకి వచ్చాడు. ఆయనకు కాఫీ కాయడం రాదు, ఏలకులు మరీ ఎక్కువేశాడు, వాసనకే తెలిసింది. ఒక ఫింజాను నా చేతికిచ్చాడు. మూడు వేళ్లతో పట్టుకున్నాను. తనది పోసుకుని, తాగకుండా నేలమీద తన ముందు పెట్టుకుని కూర్చున్నాడు, పెద్దమనుషులతో వచ్చినవాడిలా. వెనక మాత్రం ఎవరూ లేరు.

నేను గుక్క తర్వాత గుక్క తాగుతూ ఆయన్ని కూర్చోబెట్టాను. కూర్చోనీ.

"నా కోపం ఐదు వేళ్లంత" అన్నాను చివరికి. "నాన్న కోసం ఒక వేలు వదిలాను. కోర్టులో నువ్వన్న మాటకు ఒక వేలు. ఇక్కడికొచ్చి కూర్చున్నందుకు ఒకటి."

తలెత్తి చూశాడు. "మిగిలిన రెండూ?"

"అవి తెరుచుకోలేదు అన్నా. వాటిని ఎవరి పేరునా వదల్లేను."

తలూపాడు.

"తాగు. చల్లారిపోయింది" అన్నాను.