బాణీలో మిగిలిన సగం

సీరియల్లో కూతురి శవాన్ని ఇంటికి తెస్తున్నారు. వెనకాల వయొలిన్ సన్నగా సాగుతోంది. నూకాలమ్మ చెంగుతో కళ్లు ఒత్తుకుంది. వంటింట్లో చపాతీలు చేస్తున్న కోడలు మీనాకుమారి చెయ్యి ఆగిపోయింది.

“ఈ సీరియలోల్లు ఎంత బాగా కట్టినారే బాణీ!” అంది నూకాలమ్మ.

“అది ఆల్లది కాదత్తా. రెండొందల ఏళ్ల కిందటి జర్మనీ ఆయనది. ఏడుపొచ్చే కాడల్లా సినిమాలోల్లు, టీవీలోల్లు అదే ఏస్తారు. నాకు వాయించడమొచ్చును.”

“నీకా? ఏటి, నిజమే?”

పదహారేళ్ల కాపురంలో ఆ మాట ఎవరితోనూ అనలేదు మీనాకుమారి. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, పుట్టింటి పక్క క్వార్టర్‌లో ఉండే విల్‌ఫ్రెడ్ గారు రైల్వే గార్డు. డ్యూటీ లేని రోజుల్లో ఆమెకు ఐదేళ్లు వయొలిన్ నేర్పారు. వర్క్‌షాపు నుంచి అలిసి వచ్చిన నాన్న ఆ చప్పుడుకు విసుక్కునేవాడు. మాస్టారు మాత్రం “ఇంకోసారి, మీనా” అనేవారు. ఇంతలో పెళ్లి కుదిరింది. మాస్టారికి ఏం చెప్పాలో తెలియక, చెప్పకుండానే వచ్చేసింది.

సంగతంతా విని, నూకాలమ్మ పట్టుబట్టి అటక మీది వయొలిన్ పెట్టె దింపించింది. రెండు తీగలు తెగి ఉన్నాయి.

“ఆ మాస్టారు ఎక్కడున్నారిప్పుడు?”

“సుభాష్‌పల్లిలో, కూతురి కాడ.”

“అయితే పద. గురువుకి దండం ఎట్టని సదువు సదువేటి?”

ఆదివారం పొద్దున్నే ఇద్దరూ పెట్టె పట్టుకుని టోటో రిక్షా ఎక్కారు. తలుపు తీసిన మాస్టారి కూతురు ఏంజలిన్ వాళ్లను తండ్రి దగ్గరికి తీసుకెళ్లింది. ఎనభై దాటిన విల్‌ఫ్రెడ్ గారు తనే కొత్త తీగలు బిగించి ఇచ్చారు.

మీనాకుమారి తడబడుతూ వాయించింది. నూకాలమ్మ మళ్లీ కళ్లు ఒత్తుకుంది. ఆయన నవ్వారు.

“ఏడవకండమ్మా. టీవీ వాళ్లు ఇక్కడితో కోసేస్తారు. వాళ్లకు కావలసింది కన్నీళ్లే గదా! దీనికి ఇంకో సగం ఉంది. అది సంతోషం.”

“నాకు నేర్పలేదే, మాస్టారూ?”

“నువ్వు రాలేదు గదా.”

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే మీనాకుమారికి మరీ సిగ్గేసింది. వంగి ఆయన పాదాలు తాకింది.

“సెప్పకుండా ఎల్లిపోనాను. నాన్న పోయినప్పుడు, పిల్లకి జ్వరమొచ్చి ఆస్పత్రిలో కూసున్నప్పుడు, దీన్నే లోపల వాయించుకున్నాను. మీరిచ్చినదే నన్ను నిలబెట్టింది, మాస్టారూ.”

ఆయన పసుపు రంగుకు తిరిగిన స్వరాల కాగితాలు తెప్పించారు. కమాను పట్టే ఓపిక లేక, కూనిరాగం తీస్తూ బల్ల మీద తాళం వేశారు. ఆమె వెంట వెంట వాయించింది. అంతసేపూ మూలిగిన బాణీ లేచి పరుగందుకుంది.

“ఓలమ్మో! పెళ్లోరి ఊరేగింపులాగుందే!” అంది నూకాలమ్మ, తల ఊపుతూ.

ఆ నెల ప్రతి ఆదివారం వెళ్లారు. నాలుగోసారి మీనాకుమారి ఎక్కడా ఆగకుండా చివరిదాకా వాయించింది. వయొలిన్ దించి, కృతజ్ఞతలు చెప్పాలని నోరు తెరిచింది.

“థాంక్యూ, మీనా. సగంలో ఆగిన పాఠం పూర్తయింది” అన్నారు విల్‌ఫ్రెడ్ గారు, ఆమె కన్నా ముందే.