కరిగించిన ప్రతిసారీ

నేను ఒక గాజు సీసాను, బొటనవేలంత. నాలో ఉన్నది ఇంటర్‌ల్యూకిన్-15 అనే సైటోకైన్. ఒంట్లో కణాలు ఒకదానికొకటి పంపుకునే కబురు లాంటిది. మనిషి జన్యువును బాక్టీరియాలో పెట్టి, దానిచేత ఈ సరుకు తయారు చేయించి, పొడిగా ఎండబెట్టి నాలో నింపారు.

నా గిరాకీ అంతా రక్తంలోని ఎన్‌కే, అంటే నేచురల్ కిల్లర్ కణాల దగ్గరే. క్యాన్సర్ కణాన్ని పసిగట్టి చంపడం వాటి వృత్తి. నేను అందితే అవి బతుకుతాయి, రెట్లు రెట్లుగా పెరుగుతాయి, చంపే పదును తెచ్చుకుంటాయి. అందకపోతే వారం పది రోజుల్లో రాలిపోతాయి.

హైదరాబాద్‌లోని ఒక ల్యాబ్‌కు చేరాను. పోశెట్టి అనే బ్లడ్ క్యాన్సర్ రోగికి అతని అక్క లచ్చవ్వ రక్తం ఇచ్చింది. అందులోని ఎన్‌కే కణాలను పద్నాలుగు రోజులు పెంచి అతనికి ఎక్కించాలి. ఆ పెంపకం నాది.

నన్ను నీటిలో కలిపి, చిన్న గొట్టాల్లోకి పంచి, గడ్డకట్టించి, ఒక్కో గొట్టాన్ని ఒక్కసారే కరిగించి వాడాలి. టెక్నీషియన్ స్వరూప పంచలేదు. గొట్టాల గోడలకు అంటి చుక్కలు వృథా అవుతాయని, నన్నే కరిగించి, కాస్త తీసి, మళ్ళీ గడ్డకట్టించేది. నిజం చెప్పాలంటే ఆ పొదుపు నాకు నచ్చింది. కరిగిన ప్రతిసారీ నా బలం కొంత చచ్చేది. తెలిసీ, నిండు సరుకులాగే నిలబడ్డాను.

పదిహేనో రోజున కణాలను క్యాన్సర్ కణాల మీదికి వదిలి చూశారు. పది క్యాన్సర్ కణాల్లో ఒకటి కూడా చావలేదు.

"ఏమిటమ్మా స్వరూపా, ఇవి అలిగిన అల్లుళ్ళలా ముడుచుకు కూర్చున్నాయి?" అన్నారు డాక్టర్ వైదేహి.

మళ్ళీ రక్తం కావాలని లచ్చవ్వను పిలిపించారు. కామారెడ్డిలో బీడీలు చుట్టే మనిషి. నేనున్న బల్ల పక్కనే నిలబడింది.

"నా నెత్తురుల సత్తువ లేదా మేడం? ఆ దినం ఒక్కపొద్దుంటి, గందుకేనా? తమ్ముని పాణం నా శేతుల వెడితే నేనే ఆగం జేస్తినా?"

గాజుకు చెమట పడుతుందంటే నమ్మరు. నాకు పట్టింది. నోరుంటే మాత్రం చెప్పేవాడినా? అనుమానమే.

స్వరూప తల వంచుకుంది. "నీ నెత్తురు మంచిగనే ఉందక్కా. మందును నేనే పాడు జేసిన. చుక్క పోవద్దని మాటిమాటికి కరిగిచ్చిన."

లచ్చవ్వ రవిక చేతిని పైకి మడుచుకుంది. తర్వాత చెయ్యి చాపింది.

"అయితే ఇంకోపారి తీస్కో. ఈసారన్న పైలం, బిడ్డా."

కొత్త సీసా తెచ్చి ఇరవై గొట్టాల్లోకి పంచారు. నన్ను ల్యాబ్ చెత్త వేసే పసుపు సంచిలో వేశారు. రేపు కాలుస్తారు. నా వల్ల పోయిన పద్నాలుగు రోజుల్లో పోశెట్టి మంచం దిగలేని స్థితికి వచ్చాడట. ఈసారి కణాలు అందేదాకా అతను ఆగుతాడో లేదో నేను వినను. వినడానికి నాకు మొహం చెల్లదు.