ఒడ్డుకొచ్చే ఓడ

పీచు తీయకుండానే పెట్టారు కొబ్బరికాయని దర్భబొమ్మకి తలగా, మా ఆయన జుట్టు ఇంత బరకగా ఉండేది కాదు, శాస్త్రిగారికి అదేం పట్టదు, దర్భలు ముడేసి చేతులు చేస్తున్నారు, కాళ్లు చేస్తున్నారు, అంత పొడుగు మనిషి ఇంత పొట్టిగానా, శవం దొరకనివాళ్లకి ఇంతేనట, దీనికి నిప్పు పెట్టాక నా తాళి తీసేయాలట, నేను సరేనంటేనే పెడతానన్నారు మామగారు, కోటిలింగాల రేవు మెట్ల మీద నా కాళ్లకి గోదావరి చల్లగా తగులుతోంది, వరదలో ఈ గోదావరిని ఈదినవాడమ్మా మా ప్రకాశం, సముద్రం వాణ్ణేం చేస్తుంది, ఏదో దీవిలో తేలుంటాడు, మూడేళ్లుగా అన్నం కలుపుకుంటూ మామగారిది ఇదే మాట, నేను మజ్జిగ పోస్తూ అవునండి అంటాను, అలా అన్నాకే ముద్ద ఎత్తుతారు.

విశాఖపట్నంలో ఒకసారి తను పనిచేసే నేవీ ఓడ చూపించారు మా ఆయన, ముక్కు రెండు తలుపులై తెరుచుకుంది, లోపల్నుంచి ఇనుప వంతెన దిగింది, యుద్ధమొస్తే ఇసుకలోకి తిన్నగా ట్యాంకులు దింపుతామే హైమా, గోదావరి దాటించే మన పంటు మీంచి లారీలు దింపరూ, అలాగే, నేను పగలబడి నవ్వాను, పంటు ఎక్కి ఎవరైనా పోతారా, మామగారైతే వీధంతా చెప్పుకున్నారు, మావాడిది ఒడ్డుకొచ్చే ఓడండి, అందరిలా నడిసముద్రంలో ఉండడండి, ఆ ధీమాతో నేను ఏ దేవుడికీ మొక్కుకోనైనా లేదు.

ఒడ్డు దగ్గరే పోయారండి అక్కగారూ, అన్నాడు ఆ ఓడలోనే పనిచేసే ఏసుపాదం, గుమ్మంలో నిలబడి, లోపలికి రమ్మన్నా రాకుండా, ఓడ ఒడ్డుకి ఆనేముందు ఇసుక గట్టిదో కాదో ఒకరు దిగి చూడాలండి, గోదావరోణ్ణి, నాకు నీళ్లు కొత్తా అని ఆయనే దిగారండి, రొమ్ములోతు నీళ్లేనండి, కాలికింద గుంట, పైనుంచి అల, లోపలికి లాక్కుపోయిందండి, ఎంత వెతికినా దొరకలేదండి, ఒడ్డున కొబ్బరిచెట్లు కనపడుతూనే ఉన్నాయండి, రొమ్ములోతు, రొమ్ములోతు, ఆ మాట నన్ను నిద్రపోనివ్వదు.

ఒకవేళ ఆయన మళ్లీ వస్తేనండీ అని అడిగేశాను, శాస్త్రిగారు తలెత్తకుండానే, వస్తే మళ్లీ పుట్టినట్టే లెక్కమ్మా, బారసాల చేస్తాం, ఒడుగు చేస్తాం, నీ మెళ్లో మళ్లీ తాళి కట్టిస్తాం, శాస్త్రంలో ఉంది అన్నారు, మీసాలతో ఒడుగు పీటల మీద ఆయన, ఎంత సిగ్గుపడతారో, నాకు నవ్వొచ్చింది, మళ్లీ పెళ్లట, ఈ మాటకి మామగారు ఎంత పొంగిపోతారో అని ఆశగా ఆయన ముఖంలోకి చూశాను, నేనింకా సరేననలేదు, మామగారు నిప్పు చేతిలోకి తీసుకుని, ఇంక కానివ్వండి శాస్త్రిగారూ, పొద్దెక్కుతోంది అన్నారు, నా వైపు చూడలేదు, దర్భలు భగ్గున అంటుకున్నాయి, మామగారు నాకోసం అన్నారు ఆ దీవి మాటలన్నీ, నేను ఆయన ముద్ద ఎత్తాలని అవునండి అన్నాను, ఈ మూడేళ్లూ మా ఇంట్లో ప్రకాశం కోసం ఎవరమూ ఎదురుచూడలేదు.