మత్తులో అన్న మాట

కడుపులోకి కెమెరా గొట్టం దింపే ఆ గదిలో ఒక కట్టుబాటు ఉంది: మత్తులో ఎవరేం వాగినా, తెలివొచ్చాక వాళ్లకు చెప్పకూడదు. వాగనివాళ్లు తక్కువ. ఆఫీసులో నోరు మెదపని పెద్దమనుషులు పాటలు లంకించుకుంటారు, పెళ్లాం ముందు పిల్లుల్లా ఉండే మొగుళ్లు అత్తగారిని దులిపేస్తారు. లేచాక ఒక్కరికీ ఒక్క ముక్క గుర్తుండదు. మెదడును జోకొట్టే రసాయనానికి ఆ మత్తు సూదిమందు బలమిస్తుంది. కణాల మధ్య కబుర్లు మందగిస్తాయి, అందని కబురు జ్ఞాపకంగా నిలవదు. కొత్తగా చేరినవాళ్లకు ఇదంతా నర్సు నవ్వుతూ చెప్పేది.

ఆ రోజు బల్ల మీద పడుకున్నది ఆమె సొంత అక్క.

అమ్మ పోయినప్పటి నుంచి అక్క ఆమెతో మాట్లాడటం లేదు. ఆలస్యంగా కబురు చేసి తనకు అమ్మ చివరి చూపు దక్కకుండా చేసిందని కోపం. పెళ్లిళ్లలో ఎదురుపడినా ముఖం తిప్పుకునేది. ఈ రోజూ వేరే నర్సు కావాలని డాక్టరును అడిగి, ఎవరూ ఖాళీగా లేరంటే మూతి ముడుచుకుని చెయ్యి చాపింది.

గొట్టం తీసేశాక, ఇంకా మత్తు వదలకముందే, అక్క ఆమె మణికట్టు పట్టుకుంది.

"నీ తప్పేం లేదే చెల్లీ. నువ్వు పొద్దున్నే ఫోన్ చేశావు. సాయంత్రం వెళ్దాంలే అనుకున్నది నేనే. ఎవరితో చెప్పుకోను? నీ మీదకి నెట్టేశాను."

నర్సు గుండె దడదడలాడింది. గుండె అలా అదిరినప్పుడు ఊరే రసాయనాలు జ్ఞాపకాన్ని చెక్కేస్తాయని ఆమెకు తెలుసు. అక్క తలలో ఆ మాటకు చోటే లేదు, తన తలలో మాత్రం జన్మకు చెరగదు. ఇదెక్కడి న్యాయం? కట్టుబాటు మంటగలవనీ, లేవగానే చెప్పేద్దామని అక్కడే కూర్చుంది.

అక్క కళ్లు తెరిచింది. ఎవరి చెయ్యి పట్టుకుందో చూసి గబుక్కున వదిలేసింది.

"మత్తులో నేనేమైనా అన్నానా?"

ఇన్నేళ్లకు, తెలివిలో ఉండి అక్క తనతో అన్న మొదటి మాట అది. జవాబు నర్సు నోటిదాకా వచ్చింది. కానీ అక్క కళ్లలో కోపం లేదు, భయం ఉంది. తన మీద పెట్టుకున్న ఆ కోపం కూడా లాగేసుకుంటే అక్కకు మిగిలేది వెళ్లకుండా ఉండిపోయిన ఆ పగలొక్కటే.

"ఏమీ అనలేదక్కా. హాయిగా నిద్రపోయావు."

అక్క తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, బావను పిలవమని ముక్తసరిగా చెప్పింది. నర్సు బావను లోపలికి పంపి, గొట్టాలు కడిగే గదిలోకి వెళ్లి, కుళాయి తిప్పి, అమ్మ పోయిన రోజుకన్నా ఎక్కువగా ఏడ్చింది.