పుర్రచేతి కత్తి

దగ్గరకు జరగవే బంగారం, ఇంకాస్త. రాత్రిపూట గట్టిగా చెప్పుకునే మాట కాదిది. ఆ కిటికీ రెక్క కూడా దగ్గరగా వేసిరా. పెరట్లో ఏదైనా చప్పుడైతే తర్వాత చూద్దాం, ముందు విను.

నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి పెరటిగోడ అవతలంతా పొదే. పొదంటే నువ్వు చూసే గడ్డీగాదం కాదు. మణికట్టు లావు కాండాలు ఒకదాన్నొకటి అల్లుకుపోయి, పైన తీగలు కప్పేసి, మిట్టమధ్యాహ్నం కూడా లోపల మసకగా ఉండేది. దానికి ఆ చివర మంచినీళ్ల ఊట ఉంది. బిందె పట్టుకుని వెళ్లాలంటే పక్కనున్న గుట్ట చుట్టూ తిరిగి పోవాల్సిందే.

మా మామగారు నా పెళ్లికి చాలా ముందే కనబడకుండా పోయారు. ఒక పొద్దున పనికని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. ఎదురింట్లో ఒకావిడ ఉండేది, అందరూ రేడియో పిన్ని అనేవారు, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. ఆయన భుజాన సంచి వేసుకుని గుట్ట వైపు గబగబా పోతుంటే చూశానని, వెనక్కైనా తిరగలేదని ఆవిడ చెప్పింది. ఇంకేముంది, ఎక్కడో రెండో కాపురం పెట్టాడని ఊరు తేల్చేసింది. మొగుడు వదిలేసిన మనిషన్న పేరు మా అత్తగారికి మిగిలింది.

ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి పెరటి గుమ్మంలో పీట వేసుకుని మాత్రం కూర్చునేది.

"విను, నరుకుతున్నాడు."

"ఎవరత్తయ్యా?"

"నన్నడుగుతావేం? నీకు చెవుల్లేవూ?"

మొదట్లో నాకేమీ వినబడేది కాదు. తర్వాత్తర్వాత వినబడసాగింది. పొద లోపలెక్కడో, టక్, టక్ అని. కాస్త ఆగి మళ్లీ. పచ్చికర్ర మీద ఇనుము పడిన చప్పుడు. వడ్రంగి పిట్ట అని కొట్టిపారేసేవారు మీ తాతయ్య.

ఆ ఏడు అత్తయ్య మంచం పట్టింది. ఒకనాడు నా చెయ్యి వదలకుండా పట్టుకుంది. "ఇంత దగ్గరకొచ్చి ఆగిపోయాడమ్మాయ్. నన్నొదిలి పోయాడో, నా దగ్గరకే వస్తున్నాడో తెలియకుండా నా ప్రాణం పోదు. ఆ పొద కొట్టించు."

కూలీలు వచ్చారు. గోడ దగ్గర నిలబడి ఆ టక్ టక్ విన్నారు. చల్లగా జారుకున్నారు. ఇక నేనే దిగుదామనుకుని, మీ తాతయ్యను వెంటబెట్టుకుని కమ్మరి దగ్గరకు వెళ్లాను.

గోడ పొడవునా రకరకాల పనిముట్లు. మీ తాతయ్య కన్ను పెద్ద గొడ్డలి మీద పడింది.

"ఇదివ్వు. ఒక్క దెబ్బకి ఒక్క చెట్టు."

"గొడ్డలి తిప్పడానికి చోటుండాలన్నా," అన్నాడు కమ్మరి. "ఆ పొదలో నీకు చోటెవడిస్తాడు? ఎత్తగానే తీగ పట్టుకుంటుంది. దిగేది నీ నెత్తి మీదే."

"పోనీ ఈ పొడుగు కత్తి."

"సన్నకొమ్మలకైతే భేష్. లావు కాండం మీద వేస్తే ఎగిరి వెనక్కొస్తుంది. కొడవలంటావేమో, అది గడ్డికి."

"ఇక పళ్లతో కొరకమంటావా?"

"నీ ఇష్టం. పళ్లకు సాన పట్టడం నాకు రాదు."

నవ్వుతూనే ముక్కు వంగిన కత్తి ఒకటి తీసి నా చేతికిచ్చాడు. బరువంతా ముందు వైపే ఉంది. దగ్గర నుంచే వేటు వెయ్యొచ్చు, ఆ ముక్కుతో కాండాన్ని మన వైపు లాక్కోవచ్చు. అక్కడున్న మొద్దు మీద ఒక దెబ్బ వేసి చూశాను. సర్రున పక్కకు జారింది. కమ్మరి నవ్వు ఆగింది.

"పుర్రచేతి వాటమా వదినా?"

"పుట్టుకతోనే. దీని వల్ల తిన్న తిట్లు ఇన్నీ అన్నీ కావు."

"వీటికి ఒకవైపే పదును పెడతాం, కుడిచేతికి కుదిరేట్టు. పుర్రచేతికి అటువైపు పదునుండాలి. అలాంటివి మా నాన్న ఒక్క మనిషికే చేసిచ్చాడు. ఒకటి సానకిస్తే ఇంకోటి చేతిలో ఉండాలని, జతగా."

ఎవరికని నేను అడగలేదు. మీ తాతయ్య వంగి మోకాలి మీది మచ్చ తడుముకుంటున్నారు. చిన్నప్పుడు వాళ్ల నాన్న కత్తిని కుడిచేత్తో ఝళిపిస్తే అది తిన్నగా వచ్చి దిగిన చోటది.

జతలో ఒకటి మా ఇంట్లోనే అటక కింద వేలాడుతోంది. రెండోది మామగారితోనే పోయింది. ఉన్నదాన్ని దించి బూజు దులిపాను. పిడి మీద వేళ్ల గుంటలు పడి ఉన్నాయి. నా వేళ్లు ఒక్కొక్కటే వెళ్లి వాటిలో కూర్చున్నాయి. ఎన్నేళ్లుగానో ఎవరూ ముట్టని ఆ కర్ర వెచ్చగా ఉంది.

మర్నాడు మధ్యాహ్నం గోడ దాటాం. నేను నరకడం, మీ తాతయ్య వెనక నుంచి కొమ్మలు లాగెయ్యడం.

"తిన్నగా పోవే. ఊట అటు. నువ్వు ఎడమకి పోతున్నావు."

"నేను పోవట్లేదండీ, చెయ్యి పోతోంది."

పుర్రచేత్తో నరుక్కుంటూ పోతే దారి అలాగే వంగుతుంది. ఆ సంగతి అప్పుడు నాకు తెలియదు. నేనొక వేటు వేస్తే ముందు నుంచి ఒక వేటు వినబడేది. నేను ఆగితే అదీ ఆగేది.

"ఏవండీ, వడ్రంగి పిట్టేనా?"

"మాట్లాడకు. నరుకు."

కాసేపటికి వింత మోళ్లు కనబడ్డాయి. ఎప్పుడో నరికితే, ఆ నరుకు కింద నుంచి రెండేసి కొమ్మలు చీలి పెరిగి, చెయ్యంత లావైనవి. నరుకు ఏటవాలు నేను వేసినట్టే ఉంది. కాకపోతే అటునుంచి ఇటు వస్తూ వేసింది. ఆ మోళ్ల మధ్య ఒక చెట్టు మొదట్లో పిడి కనబడింది. కత్తిని బెరడు మింగేసింది, పిడి మాత్రం బయట మిగిలింది. దాని మీదా అవే వేళ్ల గుంటలు.

"నాన్నది," అన్నారు మీ తాతయ్య, పక్కకు ఒక అడుగు వేస్తూ. చొక్కా పట్టుకుని లాగాను. ఆయన కాలి కింద తీగలు ఊగాయి. మా కుడిపక్కనే పాడుబడ్డ గొయ్యి. పైన పచ్చగా తీగలు, కింద చీకటి. గోడ దగ్గర నుంచి తిన్నగా నరుక్కుంటూ వచ్చి ఉంటే ఇద్దరం అందులోనే ఉండేవాళ్లం. తీగలు తప్పించి చూశాం. అడుగున సంచి గుడ్డ, ఎముకలు.

ఏం జరిగిందో చూస్తేనే తెలిసిపోయింది. భార్య బిందెతో గుట్ట చుట్టూ తిరగలేకపోతోందని, ఆయన పనికి పోతూ ఊట వైపు నుంచి రోజూ కాస్త దారి కొట్టుకుంటూ వచ్చారు. గోడ దగ్గర తేలాక చూపిద్దామనుకున్నారేమో, దారి మొదలు కొమ్మలతో కప్పేసి ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు కత్తి చెట్టుకు గుచ్చి, రెండు చేతులా తీగలు లాగి, ముందుకు అడుగేశారు. రేడియో పిన్ని చూసిన సంచి నిజమే. కత్తి దాచుకున్న సంచి అది.

వచ్చి అత్తయ్య మంచం పక్కన కూర్చున్నాను. "వదిలి పోలేదత్తయ్యా. మీ బిందె కోసం దారి కొడుతూ ఇటే వస్తున్నారు."

"ఎంత దూరంలో ఉన్నాడు?"

"కేకేస్తే వినబడేంత."

"కేకేసే ఉంటాడమ్మాయ్. ఆ పూట నేను నీళ్లకెళ్లాను. గుట్ట చుట్టూ తిరిగి."

ఆయనను పైకి తీసి చెయ్యాల్సినవి చేశాం. గొయ్యి పూడ్చాం. మిగిలిన దారి ఊట దాకా నేనే కొట్టాను. ఆ దారినే అత్తయ్యను మంచంతో సహా మోసుకెళితే, దోసిట్లో నీళ్లు పట్టుకుని తాగింది. "ఎంత దగ్గర," అంది. ఆ వారంలోనే పోయింది, ఏ బాధా లేకుండా.

కత్తి ఎత్తే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. మీ నాన్న వాళ్లందరిదీ కుడిచేతి వాటం. అయినా ఆ దారి ఏనాడూ మూసుకుపోలేదు. పొద్దున్నే వెళ్లి చూడు, అడ్డంగా పెరిగిన కొమ్మ తెగి పడి ఉంటుంది, నరుకు పచ్చిగా, పుర్రచేతి ఏటవాలుతో. ఎవరని నేను అడగను. నువ్వూ అడగకు.

ఒక్క పని మాత్రం నీకు అప్పగిస్తున్నాను. రేడియో పిన్ని మాట ఇంకా ఎవరో ఒకరి నోట ఉండనే ఉంటుంది. ఎక్కడ విన్నా ఊరుకోకు, ఇదంతా చెప్పు. మీ పిల్లలకూ చెప్పు. ఆయన పారిపోలేదని, ఇంటికే వస్తున్నారని.