మూడో విడత పిండి

జూన్ పదకొండు. ఆ ఉదయం వీరభద్రం తిన్నవి నాలుగు ఇడ్లీలు. పన్ను కదిలేంత గట్టివి. అంగళ్ళకు పంపిన పిండితోనే చేసినవి. రుబ్బినవాడు ముందు తినాలని అతని పట్టుదల.

ప్లేటు కడిగి, ఎడమ మోకాలు పట్టుకుంటూ గ్రైండరు దగ్గరికి వెళ్ళాడు. అరవై మూడేళ్ళు. గుంటూరు హోటళ్ళలో ముప్పై ఏళ్ళు వంటసోడా ముట్టకుండా పిండి లేపిన చేయి. వేళ్ళ సందుల్లో చర్మం నాని తెల్లబడి ఉంటుంది.

న్యూజిలాండ్‌లో, ఆక్లండ్ నగరం మౌంట్ రాస్కిల్ పేటలోని ఈ షెడ్డు ఉదయభాస్కర్‌ది. పదేళ్ళు సాఫ్ట్‌వేర్ రాసి, పిండీ అలాంటిదేననుకున్నాడు. "ముందు మార్కెట్‌లోకి వదిలేద్దాం అంకుల్, తప్పులు కస్టమర్లే చెప్తారు" అన్నాడు. చెప్పారు. గుంటూరు నుంచి వాళ్ళమ్మ ఫోన్లో చెప్పిన "రాత్రంతా బయట పెట్టండి" అన్న మాటను డబ్బాల మీద అచ్చు వేయించాడు మరి. ఆక్లండ్‌లో జూన్ అంటే చలికాలం; ఆ చలికి పిండి రాత్రంతా పడుకుంది, పొద్దునా లేవలేదు. రెండో విడతలో అతను చేసిన గొప్ప మార్పు, "రెండు రాత్రులు" అని వేయించడం. తెలివి అంతవరకే పొంగింది.

ఇప్పుడు మూడో విడత. వంటసోడా సంచితో దిగాడు.

"సాయంత్రానికి పొంగకపోతే ఇది కలిపేస్తా అంకుల్. ఎవడికి తెలుస్తుంది?"

"నాలిక్కి తెలుస్తుంది బాబూ."

"సెంటిమెంట్లతో బిజినెస్ నడవదు."

"లేబుళ్ళతో పిండీ లేవదుగా."

డబ్బాల మూతలు సర్దుతున్న, షెడ్డులో పనిచేసే కుసుమ నవ్వు మింగింది.

ఎనిమిదింటికి వీరభద్రం పిండి డబ్బాకు తన ఉన్ని స్వెట్టరు విప్పి చుట్టాడు. వేడినీళ్ళ సిలిండరు ఉన్న వెచ్చటి అల్మరలో పెట్టి తలుపు మూశాడు. మధ్యాహ్నం రేపటి డబ్బాకు కూడా రుబ్బి, బోర్లించిన బకెట్టు మీద కూర్చున్నాడు. కుసుమ అడక్కుండానే తన శాలువ అతనికి కప్పి, టీ ఇచ్చింది. ఉదయభాస్కర్ మాటిమాటికీ వచ్చి వాచీ చూసుకుని వెళ్ళాడు, పిండి మీటింగుకు ఆలస్యమైనట్టు.

ఐదింటికి, "కుసుమా, చూడమ్మా" అన్నాడు వీరభద్రం.

తలుపు తీసి మూత ఎత్తింది. పిండి అంచుదాకా వచ్చి ఉంది. సన్నటి బుడగలు, కమ్మటి పులుపు వాసన.

"లేచింది బాబాయ్!"

ఉదయభాస్కర్‌ను పిలుచుకొచ్చేసరికి వీరభద్రం గోడకు తల ఆనించి ఉన్నాడు. ఊపిరి లేదు. ఒళ్ళో టీ గ్లాసు నిలబడే ఉంది, చుక్క ఒలకలేదు. పిండి లేచిందని తెలుసుకునే పోయాడు. అంతమాత్రం దయ దక్కింది.

అంబులెన్సు వెళ్ళాక ఉదయభాస్కర్ గొంతు సవరించుకున్నాడు. "ఎన్ని గంటలు పట్టింది? లేబుల్ మీద వెయ్యాలి."

"తొమ్మిది" అంది కుసుమ. "ఆయన స్వెట్టరుతో."

సోడా సంచి పట్టుకుని అతను బయటికి నడిచాడు. కుసుమ పొంగిన డబ్బాకున్న స్వెట్టరు విప్పి రేపటి డబ్బాకు చుట్టి, అల్మరలో పెట్టింది. తలుపు మూయబోతే స్వెట్టరు చేయి ఒకటి బయటికి వేలాడింది. దాన్ని నెమ్మదిగా లోపలికి మడిచి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.