కొరికిన రొట్టె

చివరి బొగ్గు పెళ్ళలు లోపలికి నెట్టి, బాయిలర్ తలుపును పార వెనకవైపుతో మూసింది ఉల్బోసిన్. చేతి తొడుగులు తీసి, వేడి గొట్టాల మీద ఆరేసిన స్కీ బూట్లలో ఒక్కొక్కదాని లోపల వేళ్ళు పెట్టి తడిమింది. ఆ స్కీ శిక్షణ శిబిరంలో ఆమె పని అదే, ఆ బాయిలర్ గదే ఇల్లు. గదులు వెచ్చగా ఉంచడం, ఆటగాళ్ళ బూట్లు తడి లేకుండా చూడడం. పొట్టి మనిషి. గోళ్ళ కింద చేరిన మసి ఏ సబ్బుకూ వదలదు. తర్వాతైనా కొడుకు పుట్టాలని తల్లిదండ్రులు ఏరి పెట్టిన పేరు ఆమెది. కొడుకు పుట్టలేదు, పేరు మాత్రం మిగిలింది.

కూతురు మరాల్ బూట్ల దగ్గర చెయ్యి ఆగింది. ఎడమదాని కుట్టు ఊడుతుందేమో! దిగుడులో ఊడితే? లాగి చూసింది. ఊడలేదు. ఇంకోసారి లాగింది. అయినా మనసు కుదుటపడలేదు.

మరాల్‌కు పుట్టుకతోనే చూపు లేదు. చిన్నప్పుడు ఉల్బోసిన్ బొగ్గు బకెట్ పిడి గలగలలాడిస్తూ ముందు నడిస్తే, పిల్ల ఆ చప్పుడు పట్టుకుని మంచు మీద జారుకుంటూ వెనకే వచ్చేది. ఇప్పుడు పోటీల్లో దారి చెబుతూ ముందు వెళ్ళేది యెగోర్. నడుముకు స్పీకర్ కట్టుకుని "ఎడమ, ఎడమ, దిగుడు!" అని అరుస్తూ పోతాడు. పోయిన చలికాలం, పైన్ చెట్ల వెనక మలుపులో, గాలి అతని గొంతును ఎగరేసుకుపోయింది. మరాల్ చెట్టుకు గుద్దుకుంది. భుజం ఎముక విరిగింది. ఆనాటి నుంచి ఉల్బోసిన్ అతనితో మాట్లాడలేదు. అతని బూట్లు మాత్రం ఆరబెడుతూనే ఉంది.

ఈ మధ్యాహ్నమే వాళ్ళిద్దరూ శీతాకాలపు పారాలింపిక్స్‌కు బయలుదేరుతున్నారు.

"అమ్మా, మళ్ళీ నా బూట్లు పట్టుకుని కూర్చున్నావా?" గోడ తడుముకుంటూ వచ్చింది మరాల్.

"కుట్టు చూస్తున్నా. అక్కడి కొండలు ఎలాంటివో ఏమో. ఆఖర్న వచ్చినా చాలే తల్లీ. అసలు వెళ్ళకపోయినా..."

"వెళ్ళకపోతే ఏం పతకం ఇస్తారు? బొగ్గుదా?"

"నవ్వు, నవ్వు. వాడి గొంతు మళ్ళీ వినపడకపోతే?"

"'నా గొంతు వినపడకపోతే ఉన్నచోటే కూలబడవే మొద్దూ' అని ముందే చెప్పాడులే."

"నిన్ను మొద్దు అంటాడా!"

"నేను వాణ్ణి గుడ్డోడా అంటాలే."

బయట వ్యాను హారన్ మోగింది. టోపీ మీద మంచుతో యెగోర్ వచ్చి, గడప అవతలే నిలబడి సంచీ అందుకున్నాడు. అనాథాశ్రమంలో పెరిగినవాడు, ఎవరింట్లోకైనా పిలిస్తే తప్ప అడుగు పెట్టడు.

ఉల్బోసిన్ పొద్దున కాల్చిన గుండ్రటి రొట్టె తెచ్చి కూతురి నోటి దగ్గర పెట్టింది. వాళ్ళ ఆచారం ప్రకారం దూరం వెళ్ళేవాళ్ళు ఒక ముక్క కొరికి, మిగతాది ఇంట్లో ఉంచి వెళ్ళాలి. తిరిగొచ్చాక తినాలి. అది ఎదురుచూస్తూ ఉంటుంది. మరాల్ చిన్న ముక్క కొరికింది. అది తనకు సంబంధించిన సంగతి కాదన్నట్టు యెగోర్ తల తిప్పుకున్నాడు.

రొట్టెను గుడ్డలో చుట్టబోతూ ఉల్బోసిన్ ఆగిపోయింది. ఈ పిల్ల వచ్చేది వాడి గొంతు వెనకే కదా. వాడు తిరిగి రాకపోతే, ఇది ఎవరి వెనక వస్తుంది?

రొట్టెను రెండో వైపు తిప్పింది.

"ఇదిగో, లోపలికి రా. కొరుకు."

"నేనా పిన్నీ?"

"ఇంకెవరున్నారిక్కడ? పెద్దగా కొరుకు. మిగతాది వచ్చాక తిందువుగాని."

"నాకెప్పుడూ ఎవరూ..." అని, మాట ఆపేసి కొరికాడు. నమలడానికి చాలాసేపు పట్టింది.

"గాలివైపు అరవకు," అంది ఆమె నేల చూస్తూ. "తల వెనక్కి తిప్పి, పిల్ల వైపు అరువు."

"అలాగే పిన్నీ."

వ్యాను కదిలింది. చెయ్యి ఊపినా కూతురికి కనపడదు. ఉల్బోసిన్ బొగ్గు బకెట్ తెచ్చి, పిడి గలగలలాడిస్తూ గుమ్మంలో నిలబడింది. ఇంజిను మోతలో అది ఎవరికి వినపడిందో తెలియదు. వ్యాను పైన్ చెట్ల వెనక్కి తిరిగాక కూడా ఆడిస్తూనే ఉంది.

తర్వాత లోపలికొచ్చి బొగ్గు వేసింది. గొట్టాల మీద ఇద్దరి బూట్ల చోటు ఖాళీగా ఉంది. అక్కడ వేరే బూట్లేమీ పెట్టలేదు.

పైన, మేకుకు కట్టిన గుడ్డ ముడిలోంచి రొట్టె అంచు కనపడుతోంది. ఒకవైపు చిన్న కొరుకు, ఇంకోవైపు పెద్దది. రెండూ అప్పుడే ఎండడం మొదలుపెట్టాయి.